అరెస్టు చేస్తున్నారా? అయితే కాగితం ఏది?

చాలా కేసులు ఒక ఫోన్‌కాల్‌తో మొదలవుతాయి. "ఎస్సైగారు మాట్లాడాలంటున్నారు, ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లండి" అంటాడు కానిస్టేబుల్. ఎందుకని అడిగితే "వస్తే తెలుస్తుంది కదా" అంటాడు. మనిషి వెళతాడు. సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిస్తారు, ఓ మూల బెంచీ చూపిస్తారు. చీకటి పడినా పంపరు. ఇంట్లోవాళ్లు వెళ్లి అడిగితే "అరెస్టేమీ లేదమ్మా, విచారణకి పిలిచాం" అని సమాధానం. ఇప్పుడా మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టా, నిర్బంధంలో ఉన్నట్టా? లేచి బయటికి నడిచే వీలుంటే స్వేచ్ఛ, లేకపోతే నిర్బంధం. చట్టానికి ఈ రెండే తెలుసు. మన స్టేషన్లలో జరిగే అన్యాయంలో పెద్ద భాగం మాత్రం చట్టంలో లేని ఆ మూడో స్థితిలో జరుగుతుంది.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కి దొంగతనం అనుమానంతో తీసుకొచ్చిన ఒక దళిత మహిళ ప్రాణాలతో తిరిగి ఇంటికి చేరలేదు. ఆ తర్వాత ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ వార్త చదివిన ప్రతి ఒక్కరూ అరెస్టు చట్టం గురించి నాలుగు విషయాలు తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

2024 జులై 1 నుంచి అరెస్టు, సోదా, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత, వాడుకలో బీఎన్‌ఎస్‌ఎస్, వచ్చింది. నంబర్లన్నీ మారాయి, విషయం చాలావరకు పాతదే. ఆ చట్టం చదువుతుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పోలీసులకు ఏ అధికారం ఇచ్చినా దాని పక్కనే ఏదో ఒకటి రాసి తీరాలన్న బాధ్యత కూడా పెట్టారు. పిలిస్తే నోటీసు, పట్టుకుంటే మెమో, ఇల్లు వెతికితే పంచనామా, కోర్టుకి తెస్తే రిమాండ్ రిపోర్ట్. సెక్షన్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఏ దశలో ఏ కాగితం మన చేతికి రావాలో తెలిస్తే చాలు.

పిలుపు

ఊళ్లలో ఇప్పటికీ "41ఏ నోటీసు" అనే అంటారు. కొత్త చట్టంలో అది సెక్షన్ 35(3). అరెస్టు చేయాల్సిన అవసరం లేదనుకున్నప్పుడు, ఫలానా కేసులో ఫలానా రోజు హాజరుకావాలని రాతపూర్వకంగా ఇవ్వాల్సిన నోటీసు ఇది. దానికి ప్రాణం పోసింది 2014 జులై 2న సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు. అప్పటిదాకా 498ఏ, అంటే భార్యని వేధించారన్న ఫిర్యాదు రాగానే భర్తతో పాటు అత్తమామల్ని, ఆడపడుచుల్ని లోపలేయడం మామూలై పోయింది. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని, ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని, ఆ కారణాలు చూడకుండా రిమాండ్‌కి పంపే మేజిస్ట్రేట్ మీద కూడా హైకోర్టు శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఇది 498ఏకి మాత్రమే పరిమితం కాదు. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్ విధించేటప్పుడు ఈ తీర్పును పాటించి తీరాలని 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లందరికీ సర్క్యులర్ పంపాల్సి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత కూడా గుర్తుచేయాల్సి వచ్చిందంటే కింద ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

నోటీసు అందుకుని చెప్పిన రోజున వెళుతున్నంతకాలం ఆ కేసులో అరెస్టు చేయకూడదు. చేయాల్సిందేనని అధికారి భావిస్తే కారణం రాసి పెట్టాలి. అందుకే నోటీసు వచ్చిందని భయపడి ఊరొదిలి పోవడమంత పొరపాటు ఇంకోటి లేదు. అది అరెస్టుకి మన చేతులతో మనం కారణం ఇవ్వడమే. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. మార్చమని హర్యానా ప్రభుత్వం అడిగినా అదే ఏడాది జులైలో ఒప్పుకోలేదు.

సాక్షిగా పిలిస్తే వేరే లెక్క. సెక్షన్ 179 ప్రకారం ఆడవాళ్లని, పదిహేనేళ్లలోపు మగపిల్లల్ని, అరవై దాటిన మగవాళ్లని, వికలాంగుల్ని, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లని స్టేషన్‌కి రమ్మనే అధికారమే లేదు. వాళ్లుండే చోటికే పోలీసులు వెళ్లి అడగాలి. "అమ్మని కూడా తీసుకురండి" అని ఫోన్‌లో చెప్పినప్పుడు ఈ ఒక్క సెక్షన్ గుర్తుంటే చాలు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ప్రయాణానికి పట్టే సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22(2) అధికరణం చెబుతుంది. ఇది అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ 24 గంటలు ఎప్పటి నుంచి లెక్క అన్న దగ్గరే ఉంది. సోమవారం పొద్దున ఇంటి నుంచి తీసుకెళ్లి, బుధవారం సాయంత్రం అరెస్టు చూపించి, గురువారం కోర్టుకి తెస్తే కాగితం మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మనిషిని ఎక్కడికీ కదలనివ్వకుండా చేసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుందని, మెమోలో రాసుకున్న సమయం నుంచి కాదని తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ 2024లో తేల్చింది. కాబట్టి ఇంట్లోవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, ఎన్ని గంటలకు, ఏ బండిలో, ఎవరు వచ్చి తీసుకెళ్లారో వెంటనే రాసి పెట్టుకోవడం. వీధిలో ఎవరి ఇంటికో, దుకాణానికో సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డింగ్ అడిగి దాచుకోవాలి. తర్వాత మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసినా, మేజిస్ట్రేట్‌కి చెప్పుకున్నా నిలబడే ఆధారం అదే.

అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలి. మెమో రాయాలి. దాని మీద కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతంలో గౌరవనీయుడైన వ్యక్తో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి కూడా చేయాలి. ఈ పద్ధతి వెనక ఒక ఉత్తరం ఉంది. లాకప్ మరణాల గురించి పేపర్లలో వచ్చిన వార్తల్ని జత చేసి, పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడుపుతున్న డి.కె. బసు 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాశారు. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ల తర్వాత, 1996 డిసెంబరు 18న, పదకొండు మార్గదర్శకాలతో తీర్పు వచ్చింది. ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం చట్టంలోనే సెక్షన్లుగా చేరిపోయింది. మెమోలో సమయం గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టకూడదు. పెట్టక తప్పని పరిస్థితైతే సంతకం పక్కన మనకు తెలిసిన సమయం మన చేత్తో రాయాలి.

అరెస్టు సంగతి, ఏ స్టేషన్‌లో ఉంచారన్నది మనం చెప్పిన మనిషికి పోలీసులే తెలియజేయాలి. చెప్పామని స్టేషన్ రికార్డులో రాయాలి. ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. అరవై దాటినవాళ్లని, అశక్తుల్ని మూడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి ఉండాలి. బేడీల విషయంలో మాత్రం కొత్త చట్టం పోలీసుల చేతికి కొంత ఎక్కువ ఇచ్చింది. హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, ఉగ్రవాదం, మాదకద్రవ్యాల వంటి కేసుల్లో, పదేపదే నేరాలు చేసేవాళ్లకి, కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్లకి నేర స్వభావాన్ని బట్టి వేయవచ్చంది. చెక్కు బౌన్సు కేసులో, ఇరుగుపొరుగు కొట్లాటలో వేయడానికి ఆ జాబితాలో చోటు లేదు.

కారణం వేరు, ఆధారం వేరు

ఈ మూడేళ్లలో అరెస్టు చట్టం అన్నిటికన్నా ఎక్కువ మారింది ఇక్కడే. "సాక్ష్యాలు తారుమారు చేయకుండా, పారిపోకుండా అరెస్టు చేశాం" అని ప్రతి రిమాండ్ రిపోర్టులోనూ ఒకే అచ్చులో ఉంటుంది. అది ఎవరికైనా వర్తించే కారణం. "ఫలానా తేదీన ఫలానా ఫిర్యాదుదారు ఖాతా నుంచి మీ ఖాతాలోకి ఇంత డబ్బు వచ్చింది, దానికి మీరు ఈ లెక్క చూపలేదు" అన్నది ఆ ఒక్క మనిషికే సంబంధించిన ఆధారం. రెండోది లేకపోతే లాయరు బెయిల్ పిటిషన్‌లో దేనికి జవాబు రాయాలి? ఈ తేడాను సుప్రీంకోర్టు 2024 మేలో ప్రబీర్ పురకాయస్థ కేసులో విడమరిచి చెప్పింది. అంతకుముందు 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసులో ఈడీ అరెస్టుల్లో ఆధారాలు రాతపూర్వకంగా ఇవ్వాలంది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో ఇంకో అడుగు వేసి, ఆధారాలు తెలియజేయకపోతే అరెస్టే చెల్లదని, ఆ తర్వాత ఇచ్చిన రిమాండ్ దాన్ని సరిచేయలేదని తేల్చింది. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసు వచ్చేసరికి ఏ నేరమైనా సరే ఆధారాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్‌కి హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలని నిర్ణయించింది.

అర్థమయ్యే భాషలో అన్న మాట మనకి చాలా విలువైనది. తెలుగు తప్ప మరోటి రాని రైతుకి ఇంగ్లిష్ కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే సరిపోదు. గోండి, కోయ మాట్లాడే మనిషికి తెలుగులో ఇచ్చినా సరిపోకపోవచ్చు. చెన్నైలోనో బెంగళూరులోనో అరెస్టయిన తెలుగు కూలీకి తమిళంలో, కన్నడంలో ఇస్తే ఆ విషయం మేజిస్ట్రేట్‌తో చెప్పుకోవాలి.

నేరం చేస్తాడన్న అనుమానంతో ముందే నిర్బంధించే పీడీ యాక్ట్ వీటికి పెద్ద మినహాయింపు. ముందస్తు నిర్బంధంలో 24 గంటల నియమం వర్తించదని 22వ అధికరణంలోనే ఉంది. ఆ చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరును సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో గట్టిగా తప్పుపట్టింది. దాని కథ వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది.

నాలుగు గోడల మధ్య

లాయరుని కలుసుకునే హక్కు విచారణ సమయంలో కూడా ఉంది. కాకపోతే లాయరు విచారణ అంతసేపూ పక్కన కూర్చోవచ్చని చట్టం అనదు. డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేస్తే లాయరుని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. స్టేషన్ దశలోనే అడగొచ్చు, కోర్టుదాకా ఆగక్కర్లేదు.

పేరు, ఊరు అడిగితే చెప్పాలి. మనల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండొచ్చు. 20(3) అధికరణం ఇచ్చిన ఈ రక్షణ కోర్టు గుమ్మంలోనే కాదు, పోలీస్ స్టేషన్ గుమ్మంలోనే మొదలవుతుందని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రశ్నలకి జవాబివ్వనన్న మనిషి ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి. మాజీ ముఖ్యమంత్రికి ఉన్న ఆ హక్కు ఆటో డ్రైవర్‌కీ అంతే ఉంది. పోలీసుల ముందిచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని కూడా చట్టంలోనే ఉంది.

"ఒప్పుకున్నాడు" అని ప్రెస్‌మీట్‌లో చెప్పినంత మాత్రాన కోర్టులో అది సాక్ష్యం కాదు. పోలీసులకి ఇచ్చిన నేరాంగీకారం చెల్లదు. దానికి ఒక చిన్న మినహాయింపు, ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు చెల్లుతుంది. ఈ గీత ఎక్కడ గీయాలో దేశానికంతటికీ నేర్పింది మన గుంటూరు కేసే. పులుకూరి కోటయ్య కేసులో ఒక ఊరి రెండు వర్గాల కొట్లాటలో మనుషులు చనిపోయారు. పులిపాడు చెరువు మూల కాపుకాసి అందరం కలిసి కొట్టి చంపామని, బల్లెం, కర్ర ఊళ్లో ఒకరి గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని ఒక నిందితుడు పోలీసులకి చెప్పాడు. కింది కోర్టులు మొత్తం మాటల్ని సాక్ష్యంగా తీసుకున్నాయి. అప్పట్లో మన పై కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరులో దాన్ని రెండుగా కోసింది. గడ్డివాములో దాచానన్నది, చూపిస్తానన్నది చెల్లుతుంది, చంపామన్నది చెల్లదు. ఎనభై ఏళ్లు కావస్తున్నా ఏ సెషన్స్ కోర్టులో రికవరీ మీద వాదన జరిగినా ఈ పేరు వినిపిస్తుంది. "కన్ఫెషన్ పంచనామా" కాపీ చేతికొస్తే అందులో వస్తువు దొరికిన ముక్క ఏది, మిగతాది ఏది అని విడదీసి చదవడం లాయరు మొదట చేసే పని.

ఆ తర్వాత మేజిస్ట్రేట్. కోర్టు హాల్లో అది నిమిషంలో అయిపోయేలా ఉంటుంది, కానీ అసలు రక్షణ ఉన్నది అక్కడే. "కొట్టారా?" అని అడిగినా అడగకపోయినా నోరు తెరిచి చెప్పాలి. దెబ్బలుంటే చూపించాలి, ఎప్పుడు తీసుకొచ్చారో, ఆధారాల కాగితం ఇచ్చారో లేదో చెప్పాలి, అవన్నీ రికార్డు చేయమని అడగాలి. వైద్య పరీక్ష కాపీ అడిగి తీసుకోవాలి. పోలీస్ కస్టడీ మొత్తం మీద 15 రోజులు మించకూడదు. పాత చట్టంలో అది మొదటి 15 రోజుల్లోనే వాడుకోవాలి. ఇప్పుడు మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా వాడుకోవచ్చు. ఈ మార్పు నాకు మింగుడుపడదు. జైలుకెళ్లి నెల తర్వాత కూడా మళ్లీ స్టేషన్‌కి తెస్తారన్న భయం మనిషిని నోరెత్తనివ్వదు. 60 రోజుల్లో, పదేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది.

సోదా

ఇంటి సోదాకి మామూలుగా కోర్టు వారంట్ కావాలి. ఆలస్యమైతే వస్తువు మాయమవుతుందనుకుంటే సెక్షన్ 185 కింద వారంట్ లేకుండా కూడా వెతకొచ్చు. అయితే ఏ వస్తువు కోసం, ఎందుకు అక్కడే ఉందనుకుంటున్నారో అధికారి ముందే రాసి, ఆ కాపీని 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఇంటి యజమాని దగ్గరుండి చూడొచ్చు. స్థానికులైన ఇద్దరు స్వతంత్ర సాక్షులు, మనవాళ్లు మధ్యవర్తులంటారు, వాళ్ల ముందే వెతకాలి. స్వాధీనం చేసుకున్నవాటి జాబితా రాసి కాపీ ఇవ్వాలి. స్త్రీ ఒంటిని స్త్రీయే, మర్యాదగా వెతకాలి. కొత్త చట్టంలో వచ్చిన గొప్ప మార్పు సెక్షన్ 105. సోదా మొదలుకొని జాబితా, సంతకాల దాకా అంతా వీడియో తీసి ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. బీరువా తీసే ముందు "వీడియో ఆన్‌లో ఉందా సార్?" అని అడగండి. అందులో తప్పేమీ లేదు.

ఇక్కడ చాలామందికి అర్థం కాని తేడా ఒకటుంది. అరెస్టు ఆధారాల కాగితం ఇవ్వకపోతే మనిషి బయటికి వస్తాడు. సోదాలో నియమం తప్పితే మాత్రం దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లకుండా పోదు. 1973 డిసెంబరులో పూరన్ మల్ కేసు నుంచి సుప్రీంకోర్టు వైఖరి ఇదే. నమ్మదగిందా కాదా అని జడ్జి తూకం వేస్తారంతే. అందుకే సోదా సమయంలో మన అభ్యంతరం జాబితా మీద రాయించడం ముఖ్యం. మినహాయింపు గంజాయి కేసుల్లో ఉంది. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒంటి మీద వెతికే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో వెతికించుకునే హక్కు ఉందని చెప్పాలి. చెప్పకపోతే ఆ రికవరీ మీద శిక్ష నిలవదు. కానీ ఇది ఒంటికే, చేతిసంచీకి వర్తించదు. పాడేరు, చింతపల్లి నుంచి బస్సుల్లో వచ్చే కుర్రాళ్ల కేసుల్లో ఎక్కువగా సంచుల్లోనే దొరుకుతుంది కాబట్టి ఈ సెక్షన్ వాళ్లకి అంతగా ఆసరా కాదు.

ఫోన్ సంగతి ఇంకా తేలలేదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీలంటూ దారినపోయేవాళ్లని ఆపి వాట్సాప్ చాట్‌లు వెతికిన వీడియోలు అందరం చూశాం. బండి ఆపి లైసెన్సు, ఆర్‌సీ అడిగే అధికారం ఉంది. ఆ అధికారంలోంచి చాట్‌లు చదివే అధికారం పుట్టదు. నలుగురు పోలీసులు చుట్టూ నిలబడి అడిగితే ఇచ్చిన ఫోన్‌ని "తనంతట తానే ఇచ్చాడు" అనడం నేను ఒప్పుకోను. కేసు నమోదయ్యాక మాత్రం ఫోన్ స్వాధీనం చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టొచ్చా అన్న దాని మీద కోర్టులు ఒక మాట మీద లేవు. కోర్టు ఆదేశిస్తే చెప్పాలని కర్ణాటక హైకోర్టు 2021లో అంది. నిందితుణ్ణి బలవంతపెట్టలేరని ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో అంది. కోర్టు ఆర్డరు లేకుండా కానిస్టేబుల్ అడిగితే "లాయరుతో మాట్లాడి చెబుతాను" అనడమే సరైన జవాబు.

వీడియోకాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అనేవాళ్లు దొంగలు. మనిషిని తాకో, ఆధీనంలోకి తీసుకునో, అతను మాటతోనో చేతతోనో లొంగిపోతేనో అరెస్టు అవుతుందని సెక్షన్ 43 చెబుతుంది. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి.

నియమం తప్పితే

అరెస్టుని చేతులతో అడ్డుకోవద్దు. లోపల తప్పు వాళ్లదైనా, తోపులాట జరిగితే విధులకు ఆటంకం కేసు అదనంగా పడుతుంది. మన పోరాటం కాగితం మీదే జరగాలి. ఎఫ్‌ఐఆర్‌ని 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, సున్నితమైనవి తప్ప. ముందు అది డౌన్‌లోడ్ చేసుకోండి. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే కమిషనర్‌కో ఎస్పీకో ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు పంపి, రసీదుతో హైకోర్టుకి వెళ్లండి.

ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, రిసెప్షన్, ఎస్సై గది కనిపించేలా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాది దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బలు తగిలినా, మరణం సంభవించినా మానవ హక్కుల కమిషన్ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. కెమెరా పనిచేయలేదనో, హార్డ్‌డిస్క్ పాడైందనో తర్వాత చెప్పడం చాలా తేలిక. కాబట్టి ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫుటేజీ భద్రపరచాలని కోరుతూ మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు మొదటి రిమాండ్ రోజునే వేయించండి. బెయిల్ పిటిషన్‌తో పాటే, అదే లాయరు చేత.